నడిరోడ్డు మీద తెర

తెర లాగనిదే తెరక్క మనిషి మీద చెయ్యి వెయ్యదు. అక్కడ తెర ఉందా లేదా అన్నది ఆవిడకి అనవసరం. ఐసీయూలో హెడ్ నర్సుగా చేసీ చేసీ సగం జుట్టు నెరిసింది. రోగి దగ్గరికి వెళ్లగానే మంచం చుట్టూ తెర లాగే ఆ చెయ్యి మాత్రం ఎక్కడికి వెళ్లినా మానలేదు.

ఈ సంగతి సైరన్ మాస్టారికి ముందు తెలీదు. జీవితమంతా అంబులెన్సుల్లో తిరిగిన మనిషాయన. గొంతు విని శిష్యులు పెట్టిన పేరది. ఆస్పత్రుల్లో పండిపోయినవాళ్లకి పారామెడిక్ పని తక్కువ కాలంలో నేర్పి రోడ్డు మీదికి వదలడం ఇప్పుడాయన ఉద్యోగం. "మీకు రోగం తెలుసు, రోడ్డు తెలీదు. నేను నేర్పేది రోడ్డు!" అని మొదటిరోజే అరిచి చెప్పారు.

ఆ రోజే ఆవరణలో ప్లాస్టిక్ బొమ్మని పడేసి, "యాక్సిడెంట్! కాలి నుంచి రక్తం! కానివ్వండి!" అన్నారు. శిష్యుల్లో ఒకడైన ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ గబగబా మోకాళ్ల మీద కూర్చుని, కుడిచెయ్యి చాచి అలాగే ఉండిపోయాడు. ఎవరో వచ్చి చేతిలో కత్తెర పెడతారని వాడి నమ్మకం. మాస్టారు తల పట్టుకున్నారు. అసలు షాకు ఆ తర్వాత తగిలింది. అదే క్లాసులో చేరిన తెరక్క వచ్చి, గాలిలో ఏదో పట్టుకుని లాగుతూ బొమ్మ చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"తెర లాగుతున్నాను సార్."

"ఎక్కడుంది తెర?"

"లేదు సార్. నేనూ అదే వెతుకుతున్నా."

మాస్టారు ఆ పూటకి క్లాసు ముగించేశారు.

మర్నాడు ఆవిడ ఇంటినుంచి దుప్పటి, బట్టలారేసే క్లిప్పులు తెచ్చుకుంది. అంబులెన్సు తలుపుకీ గేటుకీ మధ్య దుప్పటి కట్టి, ముడి సరిగ్గా పడిందో లేదో లాగి చూసి, అప్పుడు బొమ్మ దగ్గర కూర్చుంది. మాస్టారు గడియారం చూసుకుని గుండె బాదుకున్నారు.

"పేషెంటు పోయాడమ్మా!"

"పోతే పోయాడు సార్, పరువుతో పోయాడు."

క్లాసంతా పగలబడి నవ్వింది. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. పని తెలిసిన చెయ్యి అది, ఆయనకి తెలుస్తూనే ఉంది. చివరి పరీక్షలో తప్పితే ఇంటిదారే. ఆవిడ వదిలొచ్చిన వార్డు ఉద్యోగంలో అప్పుడే ఇంకొకరు చేరిపోయారు కూడా. పక్కకి పిలిచి నచ్చజెప్పారు.

"సిస్టర్, ఆ తెర సంగతి మర్చిపోండి. ముందు బట్టలు కత్తిరించాలి, గాయం చూడాలి. సిగ్గుదేముంది? రక్తం పోతే ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"రక్తం బ్లడ్ బ్యాంకులో దొరుకుతుంది సార్. సిగ్గు ఏ బ్యాంకులో దొరుకుతుంది?"

మాస్టారు రెండు గ్లాసుల మంచినీళ్లు తాగారు. ఇక ఈవిణ్ణి ఫెయిల్ చెయ్యక తప్పదని తేల్చేసుకున్నారు.

చివరి పరీక్ష ఊరి బస్టాపు పక్కన, నిజం రోడ్డు మీద పెట్టారు. మాస్టారు అంబులెన్సు వెనక మెట్టు మీద నిలబడి, "రోడ్డు మీద చూసుకుని అడుగెయ్యాలి" అని చెబుతూ, చూసుకోకుండా వెనక్కి అడుగేశారు. కిందున్న కంచె చువ్వ తొడని చీరేసింది. రక్తం చివ్వున చిమ్మింది. అందరూ కొయ్యబారిపోయారు.

ముందు తేరుకున్నది టెక్నీషియన్. వాడికి ఆరోజు కత్తెర సొంత చేతిలోనే ఉంది. "ముందు బట్టలు కత్తిరించాలి!" అంటూ దూకాడు. మాస్టారు గాయాన్ని వదిలేసి ప్యాంటు నడుము పట్టుకున్నారు.

"ఒద్దురా! కత్తెర అవతల పెట్టు!"

"మీరు చెప్పిందేగా సార్!"

లోపలి సంగతి ఆయనొక్కడికే తెలుసు. చిరిగిన డ్రాయరుకి భార్య మనవరాలి గౌను గుడ్డతో అతుకు వేసింది. ఆ గుడ్డ నిండా పసుపు రంగు బాతుపిల్లలు. బస్టాపులో జనం అప్పటికే ఫోన్లు పైకెత్తారు. చావంటే బెదరని మనిషికి ఒళ్లంతా చెమటలు పట్టాయి.

"ఫోన్లు జేబుల్లో పెట్టండి! వెనక్కి తిరగండి అందరూ! భుజానికి భుజం ఆనించండి!"

తెరక్క గొంతది. సైరన్ని మించిపోయింది. బస్సు డ్రైవరు, పూలమ్మే ఆవిడ, కాలేజీ పిల్లలు అందరూ కిక్కురుమనకుండా వీపులు తిప్పి గోడ కట్టేశారు. మాస్టారు తొడ వైపు చూసుకుని నిర్ఘాంతపోయారు. ఆవిడ పిడికిలి ఎప్పుడో గాయం మీదికి చేరిపోయింది. ఒంటి బరువంతా దాని మీదే మోపి ఉంది. చెయ్యి రక్తాన్ని ఆపుతుంటే నోరు తెర లాగుతోంది. ప్లాస్టిక్ బొమ్మ చుట్టూ జనం ఉండరు కాబట్టి ఇన్నాళ్లూ ఆ రెండు పనులూ ఒక్క మనిషే చేసుకోవాల్సి వచ్చింది పాపం.

"కత్తెర ఇలా ఇవ్వు. నువ్వూ అటు తిరుగు" అంది టెక్నీషియన్‌తో.

అంబులెన్సు కదిలాక మాస్టారు నీరసంగా అడిగారు.

"ఎందుకమ్మా నీకీ తెర పిచ్చి?"

ఆవిడ కట్టు మీద చెయ్యి తియ్యకుండానే చెప్పింది. "యాక్సిడెంటు అయినవాళ్లకి మా వార్డుకి వచ్చేసరికి మందులతో నొప్పి తగ్గేది సార్. 'రోడ్డు మీద అందరూ చూశారమ్మా' అని ఏడ్చేవాళ్లు. దానికి నా దగ్గర మందు లేదు. వార్డులో కూర్చుంటే లాభం లేదు, ఆ రోడ్డు మీదికే పోదామని వచ్చాను."

ఇన్నేళ్లలో మాస్టారు ఎంతోమంది బట్టలు కత్తిరించారు, కానీ చుట్టూ ఎవరున్నారో ఒక్కసారైనా తలెత్తి చూడలేదు. "పాసయ్యావు తల్లీ" అన్నారు చివరికి.

"పరీక్ష పెట్టలేదుగా సార్."

"ఇంకేం పరీక్ష, నా మొహం!"

కుట్లు పడ్డాక శిష్యులంతా వార్డులో మూగారు. టెక్నీషియన్ ఆగలేక, "అక్కా, సార్ ప్యాంటు అంతలా పట్టుకున్నారే, లోపల ఏం చూశావ్?" అన్నాడు.

"గాయం."

"ఇంకా?"

"గాయం ఉన్నచోట ఇంకేం చూస్తార్రా? నడవండి."

అందర్నీ బయటికి తోలి, ఆవిడ మాస్టారి చెవి దగ్గర వంగింది.

"సార్, బాతుపిల్లల మీద కత్తెర పడకుండా పక్కనుంచి కోశాను. ఎడంవైపు కుట్టు మాత్రం ఊడుతోంది. ఇంట్లో చెప్పి గట్టిగా వేయించుకోండి."

మాస్టారు దుప్పటి ముఖం మీదికి లాక్కుని, కుట్లు నొప్పెడుతున్నా ఆపుకోలేక నవ్వారు.