తడి గోనెల వెనక ఘాటు

మా బావ ముక్కు గొప్పదనం చెబితే నేను కోతలు కోస్తున్నానంటారు. వీధి చివర ఎవరింట్లో పాలు పొంగినా మా ఇంట్లోంచే పసిగట్టేవాడు. ఆవుకు రేపు జ్వరం వస్తుందనగా ఇవాళే మందు తెచ్చేవాడు. వీటిలో సగానికి నేను సాక్షిని, మిగతా సగం పుట్టించింది కూడా నేనే.

ఈ ఎండాకాలం వడగాలికి ఆవులు నాలుకలు వేలాడేసి రొప్పుతుంటే, బావ పాడి షెడ్డుకు నాలుగు వైపులా గోనెపట్టాలు కట్టి తడిపాడు. నేలమీదా గొట్టంతో నీళ్ళు కొట్టాడు. చల్లగానే ఉంది. కానీ గాలి ఆడక, పేడా మూత్రమూ కలిసిన ఆ తడి ఉడికి, లోపల ఘాటు పేరుకుంది. పొద్దస్తమానం అందులోనే మసలే బావకు అది తెలియలేదు. అప్పుడే పుట్టిన పెయ్యదూడ దగ్గడం మొదలుపెట్టింది.

దాణా బకెట్టుతో లోపలికెళ్ళిన మా అక్క, ముక్కు మూసుకుని బయటికొచ్చింది.

"ఆ గోనెలు పీకెయ్. కళ్ళు మండిపోతున్నాయి. దూడ దక్కేలా లేదు."

"నాకు రాని వాసన నీకెలా వచ్చిందే?"

"నీ ముక్కు ఎప్పుడో రిటైరైంది, మహానుభావా!"

బావ నావైపు తిరిగాడు. "ఒరేయ్ బామ్మర్దీ, నువ్వు చెప్పు."

నేను లోపలికెళ్ళొచ్చాను. "చచ్చిపోయిన మా తాత కనబడ్డాడు బావా. ఆయనా ముక్కు మూసుకునే ఉన్నాడు."

బావ నవ్వలేదు. డాక్టరును పిలిచాడు.

పశువుల డాక్టరు దూడ ఊపిరి విని, "అమ్మోనియా. గాలి రానివ్వండి, తడి పేడ ఎప్పటికప్పుడు ఎత్తండి. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, చూద్దాం" అన్నాడు.

పట్టాలు లాగేస్తే వడగాలి జొరబడింది. తల్లి ఆవు మేత ముట్టలేదు. కడితే ఘాటు, విప్పితే వడ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి బావ రోజూ అక్కను షెడ్డు గుమ్మంలో నిలబెట్టడం మొదలుపెట్టాడు.

"ఉందా?"

"ఉంది" అంటే పట్టాలు పైకి. "లేదు" అంటే కిందికి. అంత పేరున్న ముక్కు పెళ్ళాం మాట కోసం అలా కాచుకోవడం చూస్తే, నాకే వేళాకోళం రాలేదు. దూడ కొంచెం తేరుకుంది. లేచి తల్లి పొదుగు వెతుక్కుంది.

నిన్న దూడ మళ్ళీ దగ్గింది. అక్క గుమ్మంలో చాలాసేపు నిలబడింది.

"ఉందా?"

"లేదు."

పైకెత్తి కట్టిన పట్టాను దించడానికి బావ తాడు విప్పబోయాడు. పక్కనే ఉన్న నాకు ఘాటుకు కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"దించకు బావా!"

అక్క నా కళ్ళకేసి చూసింది. మళ్ళీ గట్టిగా గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

"నాకేం తెలియట్లేదురా" అంది.