వదిన ఎక్కిన విమానం

ఆ రోజుల్లో నా భయాలన్నీ కాళ్ళ ఎత్తులోనే ఉండేవి. పాము, తేలు, పళ్ళు బయటపెట్టే వీధికుక్క, వానకు తెగిపడిన కరెంటు తీగ. కిందికి చూసుకుంటూ నడిస్తే తప్పించుకోగలిగినవే అన్నీ. తల పైకెత్తి కూడా భయపడాల్సి వస్తుందని మా నాయన ఇంట్లో నాకెవరూ చెప్పలేదు. అది పెళ్ళయ్యాక మా ఆయన నేర్పించాడు. (నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నేను "మొగుడు" అంటే అది "మా ఆయన" అని దిద్దుతోంది. దిద్దుకోనీ, మనిషి ఒకడే కదా.)

మా ఆయనకు మార్కాపురంలో వెల్డింగ్ దుకాణం ఉండేది. గేట్లు, కిటికీ ఊచలు, ట్రాక్టరు తొట్లు చేసేవాడు. చేతిలో మంచి పని ఉండేది, తలలో ఒక పురుగు ఉండేది. ఏ వీడియోలు చూసి ఆ పురుగు పుట్టిందో కాని, ఒక ఎండాకాలం దుకాణం వెనక రేకుల పాకలో సన్నపాటి గొట్టాలు పేర్చి అతకడం మొదలుపెట్టాడు. పెద్ద గేటేమో అనుకున్నాను. నాలుగు నెలలకు దానికి రెక్కలొచ్చాయి. "ఏందయ్యా ఇది?" అన్నాను. "ఇమానం" అన్నాడు. "ఎవురు చేయమన్నారు?" అన్నాను, బయానా తీసుకున్నాడేమో అనుకొని. "ఎవురు చేయమంటారు, మనకే. ముందు సీట్లో నేను, ఎనక సీట్లో నువ్వు" అన్నాడు. నేను తిరునాళ్ళలో రంగులరాట్నం కూడా ఎక్కని మనిషిని. ఆ మాటే చెబితే, "రంగులరాట్నం యాడికి పోతాదే, తిరిగి తిరిగి ఆడికే వస్తాది. ఇది యాడికైనా పోతాది" అన్నాడు. నా భయమే అది.

పాత కారు ఇంజను పెట్టాడు. వడ్రంగితో చెక్క ఫ్యాను చెక్కించాడు. రెక్కలకు దళసరి గుడ్డ బిగించి రంగు కొట్టాడు. అంతా అయ్యాక ఒక పొద్దు నేను పాక ఊడుస్తుంటే డబ్బాలో రెండు బోల్టులు కనిపించాయి. "ఇయ్యి యాడియి?" అన్నాను. "ఎక్కువొచ్చినాయిలే" అన్నాడు. అంతకుముందు మా ఇంటి మిక్సీ బాగుచేసినప్పుడు కూడా ఆయనకు ఒక స్క్రూ ఎక్కువొచ్చింది. ఆ మిక్సీ ఇప్పటికీ పప్పు రుబ్బుతూ రుబ్బుతూ గట్టు మీద నుంచి నడిచి పోతుంది. అది నడిస్తే చేత్తో పట్టుకుంటాను. ఇది నడిస్తే ఎవరు పట్టుకోవాలి? ఆ రోజు నుంచి నాకు అన్నం దిగలేదు. ఏ దేవుడికి మొక్కాలో కూడా తెలియలేదు. బస్సు ప్రయాణానికైతే దేవుళ్ళున్నారు.

ఇక్కడ మా పెద్ద వదిన సంగతి చెప్పాలి. మా ఆయన అక్క. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి పెంచింది ఆమే. మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొత్త బండి ఏది వచ్చినా మొదట ఆడబిడ్డ ఎక్కాలి. ఆమె ఎక్కాక బండి కాస్త కదలాలి, ఆమె దిగి చీర తీసుకోవాలి, ఆ తర్వాతే ఇంట్లో వాళ్ళు ఎక్కడం. స్కూటరు కొన్నప్పుడు అంతే, దుకాణానికి ట్రాలీ ఆటో కొన్నప్పుడూ అంతే. సామాన్లేసుకునే ఆ ఆటో వెనకాల వదిన కుర్చీ వేసుకొని కూర్చుని పోతుంటే బజారంతా చూసింది. మనిషి మంచిదే. కాని ఆకారం పెద్దది, గొంతు ఇంకా పెద్దది. (ఇది కూడా రాయమ్మా. వింటే విననీ.)

పెద్దారవీడు వైపు ఒక చెరువు ఆ ఏడు పూర్తిగా ఎండిపోయి, నేల పలకలా గట్టిపడి ఉంది. ఒకరోజు పొద్దున్నే మా ఆయన విమానం రెక్కలు విప్పి ట్రాక్టరు మీద వేసుకుపోయి అక్కడ బిగించాడు. నేను, వదిన, వదిన భర్త, అంటే నాకు అన్న, వెంట వెళ్ళాం. వీడియో తీయడం అన్న పని. చెరువులో గొర్రెలు మేపుతున్న తాత ఒకాయన కర్ర మీద గడ్డం ఆనించి అంతా చూసి, "ఒరే నాయనా, ఇది పోతాదా, పేలతాదా? ఏదో ఒకటి చెప్పు, నా జీవాల్ని తోలుకుంటా" అన్నాడు. మా ఆయన నవ్వాడు.

టెంకాయ కొట్టడం అయ్యాక మా ఆయన ఎక్కబోతే వదిన చేయి అడ్డం పెట్టింది. "ఏందిరా, నేను ఎక్కకుండానే?"

"అక్కా, ఇది బరువు పట్టదు. ఈ ఒక్కటి వదిలెయ్."

"నేను బరువా? నిన్ను సంకనేసుకోని కొండెక్కినప్పుడు నువ్వు బరువని నేనన్నానా?"

"సరే, నేల మీదనే ఒక రౌండు ఉరికిచ్చి దింపేస్తా" అన్నాడు. ఆ మాట వినగానే నా గుండెల మీది రాయి దిగినట్టయింది. వదిన కూర్చుంటే అది లేవదు. లేవకపోతే ఈయన పిచ్చి ఈ పూటతో వదులుతుంది. పీట వేసి, నేనూ అన్నా చెరొక జబ్బ పట్టి ఆమెను ఎక్కించాం. బెల్టు అందకపోతే మా ఆయన సైకిలు ట్యూబుతో కట్టాడు. పెడలు కాలికి తెలియాలని తన చెప్పులు విప్పి నా చేతికిచ్చాడు.

ఇంజను అందుకుంది. దుమ్ము లేచింది, గొర్రెలు చెదిరిపోయాయి, తాత తిట్లు అందుకున్నాడు. విమానం కోడిపెట్టలా అటూ ఇటూ ఊగుతూ చెరువు నడుమ దాకా పోయింది. అంతా బాగానే ఉంది, ఇంకాసేపటికి తిరిగొస్తుంది అనుకుంటుండగా నల్లమల దిక్కు నుంచి ఒక్క విసురు గాలి వచ్చింది. నా కొంగు మొహం మీద పడింది. తీసి చూసేసరికి చక్రాల కింద వెలుతురు కనిపిస్తోంది. అవతలి గట్టు కనిపిస్తోంది. నేలను తాకకుండానే చక్రాలు తిరుగుతున్నాయి. కళ్ళు మూసుకుందామంటే రెప్పలు పడలేదు. పక్కన అన్న ఒకటే పనిగా "ఓరి దేవుడా, ఓరి దేవుడా" అంటున్నాడు. (ఆ వీడియో తర్వాత చూశాం. అందులో నేల ఉంది, అన్న పాదాలు ఉన్నాయి, మా అరుపులు ఉన్నాయి. విమానం లేదు.)

గట్టు మీద కంపచెట్లు. అది నేరుగా వాటి మీదికే పోతోంది. ఆ ఇంజను చప్పుడు ఆగిపోతే చాలునని అంతసేపూ మొక్కుకున్నాను. ఆగింది. ఆగాక తెలిసింది, ఆ చప్పుడున్నంతసేపూ ఆయన ఉన్నట్టేనని. దబ్బుమని పడి, ఎగిరి, మళ్ళీ పడి, దుమ్ములో కలిసిపోయింది. ఎవరి గొంతూ లేదు. నేను పరిగెత్తాను. అంత దూరం నా జన్మలో ఎప్పుడూ పరిగెత్తలేదు. మధ్యలో వదిన చెప్పు ఒకటి పడి ఉంది.

దగ్గరికి పోయేసరికి మా ఆయన కంపలో నిలబడి ఉన్నాడు. ముక్కు మీద గీరుకుంది, అంతే. మొహం మాత్రం సున్నం కొట్టినట్టుంది. నన్ను చూసి పళ్ళు బయటపెట్టి, "చూసినావా?" అన్నాడు. కొట్టబోయాను. ఎత్తిన చేతిలో ఆయన చెప్పులే ఉన్నాయి. వాటిని ఆయన కాళ్ళ ముందు పెట్టి, "ముండ్లుండాయి, తొడుక్కో" అన్నాను.

వదిన ట్యూబు కట్టుతో సీట్లోనే ఉంది, కళ్ళు గట్టిగా మూసుకొని. "అక్కా, ఎగిరింది! ఎగిరింది!" అన్నాడు మా ఆయన. ఆమె ఒక కన్ను తెరిచింది.

"యాడ ఎగిరిందిరా? కుదిపింది. ఎద్దులబండి మేలు."

"ఎగరకుంటే నీ చెప్పు అంత దూరాన ఎట్ల పడింది?"

"కాలు జాడిచ్చినా, పడింది. ఎగర్లేదు. చీర కూడా నాకొద్దు. ఇమానమన్నాక ఎగిరితేనే రౌండు, ఎగిరినాడే తీసుకుంటా. నా రౌండు అయ్యేదాకా దీన్ని ఇంకొకరు ఎక్కేది లేదు, నువ్వైనా సరే."

తాతను అడిగితే తన గొర్రెలనే చూసుకుంటున్నానన్నాడు. అన్న వదిన వంక చూసి, వీడియో తీయడంలో పడి చూడలేదన్నాడు. చూశానన్నది నేనొక్కదాన్నే. నేను ఎగిరిందన్నాను, పెళ్ళాం మాట సాక్ష్యం కాదంది వదిన. మా ఆయన వంకరపోయిన చక్రం సరిచేశాడు, బోల్టులు మార్చాడు. ఎన్ని చేసినా మళ్ళీ పైకి పోవాలంటే అక్కను ఎక్కించుకోవాలి. ఆ సంగతి వచ్చినప్పుడల్లా ఆయన చూపు పక్కకు పోయేది. "వచ్చే నెల చూద్దాంలే" అనేవాడు. విమానం పాకలోనే ఉండిపోయింది. కోళ్ళు గుడ్లు పెట్టాయి, ఇంజను ఎవరో నీళ్ళ మోటారుకు పట్టుకుపోయారు. ఎగిరిందని, ఎగరలేదని అక్కాతమ్ముళ్ళు ప్రతి పెళ్ళిలోనూ పోట్లాడుకునేవాళ్ళు. తర్వాత చాలా ఏళ్ళకు ఆయన జ్వరమొచ్చి ఇంట్లోనే పోయాడు. నేను భయపడిన చోట ఏమీ కాలేదు.

మొన్న ఎండాకాలం నేనూ వదినా చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి ఆమె, తల ఎత్తకుండానే, "ఎగిరిందిలేమ్మే" అంది.

"ఏంది వదినా?"

"వాడి ఇమానం. కండ్లు మూసుకున్న మాట నిజమే. కడుపులో తెలీదా?"

"మరి ఇన్నేండ్లూ..."

"ఎగిరిందంటే నా రౌండు అయిపోయినట్టే గదా. మర్నాడే వాడొక్కడే ఎక్కుతాడు. నన్ను మళ్ళా ఎక్కిచ్చుకునేదానికి వాడికి ధైర్యం చాలదు. నాకు తెలుసు, పెంచినదాన్ని." తీసిన గింజ పక్కన వేసి, "కడాకు, జ్వరంలో వాడు అడిగినప్పుడు కూడా లేదనే చెప్పినా" అంది. మళ్ళీ గింజలు తీసుకుంటూ కూర్చుంది.

నాకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో చెప్పలేను. ఆమెను అబద్ధాలకోరని ఎన్నిసార్లు తిట్టుకున్నానో! ఆ రోజు చెరువులో పరిగెత్తిన పిల్ల, అప్పటి నేను, గుర్తొచ్చింది. అంత భయం లోకంలో తనొక్కదానికే ఉందనుకొని పరిగెత్తింది పిచ్చిది. దానికి నా పక్కన చోటిచ్చి, గుప్పెడు చింతపండు చేతిలో పెట్టి, కూర్చోమ్మా అనాలనిపించింది.