పడగ లేని పాము

పదవీ విరమణకు ఇంకా ఆరేళ్ళున్నాయనగా, తొలకరి రోజుల్లో, నన్ను మార్కాపురం, గిద్దలూరు మధ్య రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ ఎడ్యుకేటర్‌గా బదిలీ చేశారు. ఆ కేంద్రం పేరు రాయను. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవారికి ఈ సంగతితో సంబంధం లేదు.

హెల్త్ ఎడ్యుకేటర్ అంటే ఏమిటని మా బంధువులే అడిగేవారు. డాక్టరు కాదు, నర్సు కాదు. మెడికల్ ఆఫీసరుకు కింద, ఊళ్ళు తిరిగే సూపర్‌వైజర్లకు కాస్త పైన ఉండే కుర్చీ అది. మందు రాసే అధికారం లేదు, మందు తెప్పించే అధికారం అసలే లేదు. ఉన్నదల్లా నోరు. వానాకాలంలో దోమల గురించి, ఎండాకాలంలో తాగే నీళ్ళ గురించి చెప్పడం, చెప్పింది గోడల మీద రాయించడం నా పని. ఆ పని నేను బాగా చేసేదాన్ని. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. బాగా చేయడం వల్లనే ఇది జరిగింది కాబట్టి చెబుతున్నాను.

ఆ ఏడు మాకు అప్పగించిన అంశం పాముకాటు. ఆ ప్రాంతంలో దానికి కరువు లేదు. పలకల గనుల పక్కన పోసిన పెళ్ళల గుట్టల్లో, కందిచేలల్లో, గడ్డివాముల అడుగున రక్తపింజరి ఉంటుంది. లావుగా, పొట్టిగా, మట్టిరంగులో ఉండి వీపు పొడుగునా గొలుసు కట్టినట్టు గోధుమరంగు మచ్చలుంటాయి. తల ముక్కోణంగా ఉంటుంది. అలికిడైతే పారిపోదు. ఉన్నచోటనే చుట్టుకుని, విజిల్ పడబోయే ముందు కుక్కర్ చేసే చప్పుడులాంటి బుస పెడుతుంది. దాని విషం రక్తాన్ని గడ్డకట్టనీయదు. మొదటి గంటల్లో మందు పడకపోతే చిగుళ్ళ నుంచి, మూత్రంలో నెత్తురు పోతుంది, తర్వాత మూత్రపిండాలు ఆగిపోతాయి.

వచ్చిన చిక్కల్లా ఈ పామును జనం విషప్పాముగా లెక్కచేయకపోవడం. పడగ లేదు, నెమ్మదిగా కదులుతుంది, ఒంటి నిండా మచ్చలు. దాన్ని చూసినవాళ్ళు కొండచిలువ పిల్ల అనుకునేవారు. కరిచినా పసరు పూయించుకుని పడుకునేవారు. రెండో రోజు కాలు వాచి, మూత్రం ఎర్రగా వచ్చాక మా దగ్గరికి తెచ్చేవారు. అప్పటికి మేము చేయగలిగింది కాగితం రాసి పెద్దాసుపత్రికి పంపడమే.

గోడల మీద బొమ్మ వేయిద్దామని నేనే మెడికల్ ఆఫీసరుతో అన్నాను. ఆయన కుర్రవాడు, మంచివాడు, సరేనన్నాడు. బొమ్మలకు దానియేలును పిలిచాను. దానియేలు ఆ చుట్టుపక్కల దుకాణాల బోర్డులు, ఎన్నికల రాతలు, చర్చి బ్యానర్లు రాసే పెయింటరు. నన్ను అక్కా అనేవాడు. రక్తపింజరి బొమ్మ వేయమంటే మర్నాటికే కాగితం మీద వేసి తెచ్చాడు. అందమైన పాము. మచ్చలన్నీ ఉన్నాయి. తలకింద ఇంత వెడల్పు పడగ కూడా ఉంది.

"దీనికి పడగ ఉండదు దానియేలూ" అన్నాను.

"పడగ లేకపోతే పామని ఎవురు నమ్ముతారక్కా, తాడనుకుంటారు. చర్చిలో ఏదెను తోట బొమ్మేసినా, ఆ చెట్టుమీది పాముకు గూడా పడగేసినా. పాస్టరుగారు గూడా ఏమనలా."

అతని తప్పేమీ లేదు. మన బొమ్మల్లో ఎక్కడ చూసినా నాగుపామే. రాళ్ళ మీద చెక్కిందీ, క్యాలెండర్లలో అచ్చువేసిందీ, చవితినాడు పాలు పోసేదీ పడగనే. పింజరికి మొక్కు లేదు, గుడి లేదు, బొమ్మ లేదు. మనుషులను ఎక్కువగా కరిచే పాముకు మన కళలో చోటే దొరకలేదు. చూడనిదాన్ని అతను మాత్రం ఎలా వేస్తాడు?

మా ల్యాబ్‌లో సీసాలో నిలవచేసిన పింజరి ఒకటి ఉండేది గాని, ద్రావకంలో నాని రంగంతా పోయి ఉడికిన వంకాయలా అయింది. పది రోజులకు ఎవరో పొలంలో చంపిన పామును ఎరువుల సంచిలో వేసుకుని వచ్చారు. కబురు పంపితే దానియేలు పరుగున వచ్చాడు. ఆసుపత్రి వెనక అరుగు మీద పామును పరిచి, విరిగిన పలకముక్క ఒకటి తెచ్చుకుని, బలపంతో గీసుకుంటూ పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. ఒక్కో మచ్చ చుట్టూ నల్లటి అంచు, ఆ అంచు చుట్టూ సన్నటి తెల్లగీత ఉన్నాయని నాకు అతను చూపించేదాకా తెలియదు. ఊరూరా పాముల గురించి ఉపన్యాసాలిస్తున్నదాన్ని నేను.

"ఇంత అందమైనదాన్ని ఇంతకాలం ఒక్కడూ గీయలేదేందక్కా" అన్నాడు.

బొమ్మకు గోడ కావాలి. ఒక ఊళ్ళో బస్సు ఆగేచోటికి ఎదురుగా ఓబులేసు ఇల్లుంది. ఓబులేసుకు యాభై దాటి ఉంటాయి, జీవాలు మేపుకునే మనిషి, నలుగురిలో మాట చెల్లే మనిషి. గోడ ఇస్తానన్నాడు గాని పడగ లేని పామును చూసి ఒప్పుకోలేదు.

"నా ఇంటిమీద పాము బొమ్మ ఉంటే పడగ ఉండాల్నమ్మా. ఆడోళ్ళు పసుపన్నా పెట్టుకుంటారు. ఇదేంది, మొండిగా, బల్లి మాదిరి."

ఆయనను ఒప్పించడానికి నేను చాలా కష్టపడ్డాను. ఆయన భార్య గురవమ్మ నా వైపు నిలబడింది. సన్నటి మనిషి, నోటి దురుసు ఎక్కువ, నవ్వూ ఎక్కువే. కూలికి పోయే చోట ఆ పామును ఆమె చూసిందట. "ఉన్నదున్నట్టు గీయనియ్యరాదా. నీకు మీసాలు లేకపోతే ఫొటోలో పెట్టమంటావా ఏంది" అని మొగుణ్ణి అందరి ముందూ అనేసింది. ఓబులేసు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుతోనే గోడ మాకు దక్కింది.

దానియేలు ఆ గోడ మీద వేసిన పామును నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మనిషి పొడుగున, చుట్టలు చుట్టుకుని, తల పైకెత్తి ఉంటుంది. బస్సు దిగినవాళ్ళు రెండడుగులు వెనక్కి వేసేవారు. కింద పెద్ద అక్షరాలతో నేను చెప్పిన మాటలు రాశాడు. "ఇది రక్తపింజరి. ఇది కరిస్తే కట్టు కట్టవద్దు, కోయవద్దు, పసరు పూయవద్దు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి రండి. మందు ఉంది."

బొమ్మ పనిచేసింది. ఆ వానాకాలంలో ఆ ఊరి నుంచీ చుట్టుపక్కల నుంచీ పాముకాటు మనుషులు వెంటనే రావడం మొదలుపెట్టారు. "గోడమీది పామే" అని చెబుతూ వచ్చేవారు. వచ్చినవారు బతికారు. మెడికల్ ఆఫీసరు నన్ను పిలిచి మెచ్చుకున్నాడు. నేను ఇంటికి పోయి మా ఆయనకు చెప్పుకుని మురిసిపోయాను కూడా.

ఇక్కడ మందుల సరఫరా ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. పాముకాటుకు విరుగుడు మందు చిన్న సీసాల్లో పొడిగా వస్తుంది. ఒక మనిషికి మొదటి విడతలోనే పది సీసాలు పట్టవచ్చు. ఏ కేంద్రానికి ఎన్ని ఇవ్వాలో అంతకు ముందు ఏడాది అక్కడ వాడినదాన్ని బట్టి పైన నిర్ణయించేవారు. మా దగ్గర అంతకు ముందు ఏడాది వాడకం చాలా తక్కువ. పాములు కరవక కాదు, కరిచినవాళ్ళు మా దగ్గరికి రాక. జనం పసరు వైద్యుడి దగ్గరికి పోయిన ఏడాదిని కొలతగా తీసుకుని, జనం మా దగ్గరికి వచ్చిన ఏడాదికి మందు ఇచ్చారన్నమాట. దసరాకల్లా ఫ్రిజ్ దాదాపు ఖాళీ అయింది. ఫార్మసిస్టు ఇండెంట్ పంపాడు. ఇండెంట్ అంటే మందు కావాలని పై స్టోరుకు పెట్టుకునే కోరిక. కోటా అయిపోయిందని తిరిగివచ్చింది. మెడికల్ ఆఫీసరు స్వయంగా పోయి అడిగి, మరోసారి పంపించాడు. పరిశీలనలో ఉందన్నారు. నేను ఫోన్లు చేశాను. నా హోదా ఏమిటని అవతలి గొంతు అడిగింది. చెప్పాను. ఆ తర్వాత ఆ గొంతు నాతో మాట్లాడలేదు.

కందికోతలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం ఆటో వచ్చి ఆసుపత్రి ముందు ఆగింది. ఓబులేసు దిగాడు. వెనక గురవమ్మ, కుడిచేతిని గుడ్డతో కదలకుండా మెడకు వేలాడదీసుకుని దిగింది. గట్టి కట్టు లేదు, కోత లేదు, పసరు లేదు. నేను గోడ మీద రాయించిన ప్రతి మాటా అక్షరాలా పాటించారు. కందిమోడు దగ్గర చెయ్యి పెడితే కరిచిందని, గంట కూడా కాలేదని ఓబులేసు చెప్పాడు. ఆయనలో కంగారు లేదు. సరైన చోటికి సరైన వేళకు తెచ్చానన్న ధీమా ఉంది.

గురవమ్మ నన్ను చూసి నవ్వింది. "దాని పొడుగుకు గోడమీది దాని కన్నా లావుంది లేమ్మా. దానియేలు కొంచెం సన్నంగా గీసినాడు. మచ్చలు మటుకు అట్లనే ఉన్నాయి" అంది.

ల్యాబ్ టెక్నీషియన్ రక్తపరీక్ష పెట్టాడు. కొత్త గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా నిలబెడతారు. గొట్టం పొడిగా ఉండాలి, సబ్బుతో కడిగింది పనికిరాదు. తర్వాత మెల్లగా ఒంపి చూస్తారు. గడ్డకట్టి నిలిస్తే ఫరవాలేదు. గురవమ్మ రక్తం నీళ్ళలా జారింది. టెక్నీషియన్ తలెత్తి డాక్టరు వైపు చూశాడు. డాక్టరు ఫార్మసిస్టు వైపు చూశాడు. ఫ్రిజ్‌లో ఉన్నవి రెండు సీసాలు.

ఆ రెండూ ఎక్కించారు. అంబులెన్సుకు ఫోను చేశారు. అది ఎక్కడో ప్రసవం కేసులో ఉంది, వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. డాక్టరు తనకు తెలిసిన ఆసుపత్రులన్నిటికీ ఫోను చేస్తూనే ఉన్నాడు. ఓబులేసు నా దగ్గరికి వచ్చి, మందు ఎక్కించినారు గదా, ఇంక పెద్దాసుపత్రి ఎందుకు అని అడిగాడు. మందు చాలదని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను.

"మందు ఉంది అని రాసినారు గదమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు.

అంబులెన్సు ఎక్కేటప్పటికి గురవమ్మ చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోంది. పైటకొంగుతో తుడుచుకుంటూ, ఇంట్లో గొర్రెపిల్లలకు పాలు పట్టమని ఎవరికో చెప్పమంది. పెద్దాసుపత్రిలో మందు పడింది గాని, అప్పటికే ఆలస్యమైంది. మూత్రపిండాలు ఆగిపోయాయి. మూడో రోజు చనిపోయింది.

నేను వాళ్ళ ఇంటికి పోయాను. పోకుండా ఉండలేకపోయాను, పోయి చేసింది కూడా ఏమీ లేదు. పసరు వైద్యుడి దగ్గరికే పోయి ఉంటే కూడా ఆమె చచ్చిపోయేది. ఆ సంగతి నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఎవరికి ఉపయోగం? పసరు వైద్యుడు మందు ఉంది అని గోడ మీద రాయలేదు.

దినకర్మలు అయిన తర్వాత దానియేలు ఆసుపత్రికి వచ్చాడు. ఓబులేసు ఎర్రమట్టి కలిపి గోడ మీది మాటలన్నిటి మీదా పూసేశాడట. బొమ్మ జోలికి పోలేదట. దాన్నీ చెరిపేయమంటావా మామా, సున్నం నేనే తెస్తా అని దానియేలు అడిగితే వద్దన్నాడట.

"ఏమన్నాడో తెలుసునా అక్కా? బొమ్మలో అబద్ధం లేదురా, ఉండనియ్ అన్నాడు."

మళ్ళీ రాయమంటారా అని దానియేలు అడిగాడు. నేను వద్దన్నాను. ఏం రాయమంటాను?

మరుసటి ఏడాది మా కోటా పెంచారు. వాడకం పెరిగిందని పైవాళ్ళు గుర్తించారు. ఆ వాడకంలో గురవమ్మకు ఎక్కించిన రెండు సీసాలు కూడా ఉన్నాయి. ఫ్రిజ్ నిండింది. ఆ ఊరి నుంచీ చుట్టుపక్కల నుంచీ మాత్రం ఎవరూ రాలేదు. పాము కరిస్తే గోడ చూసి ఏ పామో సరిగ్గా గుర్తుపట్టేవారు, గుర్తుపట్టి పసరు వైద్యుడి దగ్గరికి పోయేవారు. నేను ఇల్లిల్లూ తిరిగి ఈసారి మందు ఉందని చెప్పాను. తలుపు తీసినవాళ్ళు మర్యాదగానే విన్నారు, మంచినీళ్ళిచ్చారు. గడువు దాటిన సీసాలను పద్ధతి ప్రకారం రాసి, పారవేశాం. ఆ తర్వాతి ఏడాది కోటా మళ్ళీ తగ్గించారు.

ఉద్యోగంలో చేరే పిల్లలు అప్పుడప్పుడు సలహా అడుగుతుంటారు. నాకు తెలిసింది ఒక్కటే చెబుతాను. గోడ మీద రాయించే ముందు ఫ్రిజ్ తెరిచి చూడండి, ఆ ఫ్రిజ్ నింపడం ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. జనం మాట వినరని మా శాఖలో అందరూ అంటారు. ఓబులేసు విన్నాడు.