అనసూయ మేడం ఖాళీ కుర్చీ

మా అపార్ట్‌మెంట్ సెల్లారులో నెలకోసారి నివాసుల సంఘం సమావేశం జరుగుతుంది. అమీన్‌పూర్‌లో కొత్తగా లేచిన ప్రతి భవనానికీ ఒక సంఘం ఉంటుంది, ప్రతి సంఘానికీ కొన్ని ఇనుప మడత కుర్చీలు ఉంటాయి. పోయిన ఆదివారం వాచ్‌మన్ యాదయ్య ఆ కుర్చీలను సిమెంటు నేల మీద ఈడ్చుకొస్తుంటే కాళ్లు కీచుమన్నాయి. అందరూ చెవులు మూసుకున్నారు. నేను మాత్రం ఠక్కున నిటారుగా కూర్చున్నాను. పక్కనున్నాయన జాలిగా చూసి, "నడుమా సార్?" అని అడిగాడు. నా వయసుకు అది న్యాయమైన అనుమానమే. కానీ నన్ను లేపింది నడుము కాదు. ఆ కీచుశబ్దం వినబడిందంటే అనసూయ మేడం తరగతి మొదలైందని నా ఒంటికి ఇప్పటికీ గుర్తు.

తొంభైల చివర్లో మా కాలేజీ సంగారెడ్డిలో, పాత బస్టాండుకు దగ్గరగా, ఒక హార్డ్‌వేర్ దుకాణం పైన ఉండేది. కింద పలుగులూ పారలూ అమ్మేవారు, పైన మమ్మల్ని సానబట్టేవారు. పదును ముందుగా ఎవరికి వచ్చేదో చెప్పనక్కర్లేదు. నేను చేరిన ఏడే బీబీఎం అనే కోర్సు కొత్తగా పెట్టారు, మాది మొదటి బ్యాచి. బీకాంలో సీటు రాక చేరినవాళ్లు కొందరు, పేరు ఇంగ్లీషులో దర్జాగా ఉందని చేరినవాళ్లు కొందరు. నేను రెండు తెగలకూ చెందినవాణ్ణి. ఊళ్లో ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే మేనేజ్‌మెంట్ అని చెప్పేవాణ్ణి. "ఎట్లనో ఒకట్ల మేనేజ్ చేస్తున్నడంట" అని మా పెద్దమ్మ దాన్ని అందరికీ తర్జుమా చేసి పెట్టేది.

మా ఊరు బొంబాయి రోడ్డు పక్కన ఉంది. ఇటు పోతే పటాన్‌చెరు, అటు పోతే సంగారెడ్డి. మా నాయన సాయిలు పైపుల ఫ్యాక్టరీలో లోడింగ్ పని చేసేవాడు. ఆ ఫ్యాక్టరీ కట్టిన జాగాలో ఊరికి దూరంగా ఉన్న మా మెట్ట చెలక కూడా కొంత పోయింది, దానికి బదులుగా వచ్చిందే ఆ ఉద్యోగం. పొద్దున్నే ఆయన రోడ్డుకు ఒక వైపున ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడితే, నేను అవతలి వైపున సంగారెడ్డి బస్సు కోసం నిలబడేవాణ్ణి. మధ్యలో లారీలు పోతూ ఉండేవి. లారీకీ లారీకీ మధ్య ఖాళీ దొరికినప్పుడు, "తిన్నవా?" అని చేత్తో సైగ చేసేవాడు. మా ఇంట్లో తండ్రీకొడుకుల సంభాషణ చాలావరకు అలాగే సాగింది.

అనసూయ మేడం జోగిపేట ఆవిడ. లెక్చరర్ కాకముందు పటాన్‌చెరులో ఏదో ఫ్యాక్టరీ ఆఫీసులో కొన్నేళ్లు పనిచేశారు. మిగతా లెక్చరర్లు గేటు దాటగానే పుస్తకం భాష తొడుక్కునేవారు. ఆవిడ మాత్రం ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేవారు. కోర్సు కొత్తది, చెప్పేవాళ్లు తక్కువ. దాంతో అకౌంటెన్సీ ఒక్కటి తప్ప మేనేజ్‌మెంట్ సూత్రాలు, మార్కెటింగ్, వ్యాపార చట్టం, ఉత్పత్తి, సిబ్బంది వ్యవహారాలు అన్నీ ఆవిడ నెత్తినే పడ్డాయి. ఏ సబ్జెక్టైనా సరే, తరగతిలోకి రాగానే మూలనున్న మడత కుర్చీని బరబరా ఈడ్చుకొచ్చి బల్లకు ఎదురుగా వేసేవారు. అందులో ఎవరూ కూర్చునేవారు కాదు. "ఇయ్యాల ఈ కుర్చీల ఎవరున్నరు?" అని అడిగేవారు. మార్కెటింగ్‌లో కొనే మనిషి, చట్టంలో చదవకుండా సంతకం చేసినాయన, ఉత్పత్తిలో రెండో షిఫ్టులో మిషన్ ముందున్నాయన. పాఠమంతా మేము ఆ మనిషికే చెప్పాలి. అకౌంటెన్సీ సారుకు ఈ పద్ధతి గిట్టేది కాదు. అయినా బ్యాలెన్స్ షీట్ రెండు వైపులా కలవనప్పుడు మేం ఓదార్పు కోసం ఆ కుర్చీ వైపే చూసేవాళ్లం. దాని కాలు కూడా ఒకటి పొట్టిది.

మార్కెటింగ్ మొదటి తరగతిలో నన్ను లేపి, ఆ కుర్చీకి బట్టల సబ్బు అమ్మమన్నారు. ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ అంటూ రాత్రంతా బట్టీపట్టిన నాలుగు 'పి'లనూ కుర్చీ మీద కుమ్మరించాను. సరుకు గొప్పది, ధర తక్కువ, దొరికే చోటు దగ్గర, ప్రచారం ఘనం. తరగతి చప్పట్లు కొట్టింది.

"మంచిగ చెప్పినవ్. కుర్చీ ఏమన్నది?" అని అడిగారు మేడం.

"కుర్చీ ఏమంటది మేడం?"

"గందుకే అమ్ముడుపోలే. మీ ఊర్ల బోరు నీళ్లల్ల సబ్బు నురగొస్తదా?"

"రాదు మేడం. మా అమ్మ రోజు తిడుతది."

"మరి గా అమ్మ గీ కుర్చీల కూసున్నదని ఎర్కలేదా నీకు? ఒక్క మాటన్న అడిగినవా ఆమెను?"

ఆ రోజు తరగతి నన్ను చూసి నవ్వింది. ఇంటికి పోయి అమ్మ చేతులు చూశాను. ఉప్పు నీళ్లకూ సబ్బుకూ మధ్య వేళ్ల సందులు పగిలి ఉన్నాయి. నాలుగు 'పి'ల్లో అవి ఎక్కడా లేవు.

ఆఖరి ఏడు ప్రాజెక్టు కోసం ఏదో ఒక ఫ్యాక్టరీలో కొన్నాళ్లు పనిచేయాలి. మేడం గొడుగు పట్టుకుని పటాన్‌చెరులో గేటు గేటూ తిరిగారు. బీబీఎం అంటే ఏమిటో సెక్యూరిటీకి విడమర్చి చెప్పేలోపే చాలా గేట్లు మూసుకున్నాయి. నా కోసం తెరుచుకున్నది ఒక్కటే గేటు. అది మా నాయన రోజూ దాటే గేటు. ప్రాజెక్టు అయిపోయాక సిబ్బంది వ్యవహారాలు చూసే అక్కడి పర్సనెల్ మేనేజర్ నన్ను పిలిచి, తన ఆఫీసులోనే ట్రెయినీగా చేరమన్నాడు. మా బ్యాచిలో మొదట దొరికిన ఉద్యోగం అదే. నేను బస్సు దిగి ఇంటికి దాదాపు పరుగెత్తాను.

నాయన మాత్రం ముఖం తిప్పుకున్నాడు. "యాడన్న చెయ్యి బిడ్డా. గీడ మాత్రం వద్దు. రేపు నాకు సెలవు గావాల్నంటే నీ ముంగట చేతులు కట్టుకొని నిలవడాల్నా? తోటోళ్లు నవ్వరా?"

"కొడుకు ఎదిగితే నవ్వేటోళ్లు ఎవలయ్యా?" అన్నది అమ్మ.

"నీకు తెల్వదు. నవ్వుడు రెండు తీర్లు ఉంటది."

నాయన మాట కాదని చేరలేను. చేరకపోతే ఇంకో గేటు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. మరుసటి రోజు మేడంతో చెప్పాను. ఆవిడ ఆ మడత కుర్చీ వైపు చూసి, "ఆదివారం నేనే వస్త. మీ అమ్మకు చాయ్ పెట్టుమని చెప్పు" అన్నారు.

మా ఇంట్లో కుర్చీ లేదు. మేడం వస్తున్నారని పక్కింటి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తుడిచి వాకిట్లో వేశాం. ఆవిడ వచ్చారు. కానీ కూర్చోలేదు.

"కూసోండ్రి మేడం" అన్నాడు నాయన.

"మీరు కూసోండ్రి అన్నా."

"నాకేంది మేడం, నిలవడుడు అలవాటే."

"నాకు గూడ అలవాటే. పాఠాలు చెప్పేదాన్ని."

ఇద్దరూ అలాగే నిలబడ్డారు. అమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని, "ఇట్లనే నిలవడితే చాయ్ పిల్లి తాగుతది" అన్నది. అప్పుడు మేడం నవ్వి, పోయి అరుగు మీద కూర్చున్నారు. ఆ అరుగు రెండో కొసన నాయన కూడా కూర్చున్నాడు. ప్లాస్టిక్ కుర్చీ వాకిలి నడుమ ఖాళీగా ఉండిపోయింది. ఆ కుర్చీలో ఎవరున్నారో ఆ రోజు మేడం నన్ను అడగలేదు.

"ఆఫీసుల సాబ్ ముంగట ఎన్నడన్న కూసున్నరా అన్నా?"

"ఎందుకు కూసుంట మేడం? పని అయితే సాలు."

మేడం గ్లాసు కింద పెట్టారు. "నేను ఫ్యాక్టరీ ఆఫీసుల చేసిన. కుర్చీల కూసుంటే ఎదురుంగ నిలవడ్డ మనిషి మొకం కనవడదు, కట్టుకున్న చేతులే కనవడతయి. నా దగ్గరికి ఎందరు వచ్చిర్రో. ఒక్కళ్ల మొకం యాదికి లేదు." నా వైపు తిరిగారు. "ఏం రా నర్సింలూ, మీ నాయన నీ ముందలికి వస్తే ఏం చేస్తవ్?"

"కూసొమ్మంట మేడం."

"నేను కూసోను. నలుగుర్ల కొడుకుకు ఎదురుంగ కూసుంటే బాగుంటదా?" అన్నాడు నాయన.

"అయితే నువ్వు లేసి నిలవడు. ఆయన కూసునేదాక నువ్వు కూసోకు. ముందుగాల ఎవరు అలుస్తరో చూద్దాం" అన్నారు మేడం నాతో.

నాయనకు నవ్వాగలేదు. "ఆనికి ఓపిక తక్వ మేడం."

"మరి ఇంకేం భయం? మీరే గెలుస్తరు."

నాయన ఆ రోజు సరే అనలేదు. కాదనీ అనలేదు. సోమవారం పొద్దున మేమిద్దరం బొంబాయి రోడ్డుకు ఒకే వైపున నిలబడ్డాం.

చేరాక చాలా రోజులు నాయన ఆఫీసు వైపు రాలేదు. ఏ అవసరమున్నా సూపర్‌వైజర్‌తో చెప్పించేవాడు. చివరికి మా మేనత్త బిడ్డ పెళ్లికి సెలవు కావలసి వచ్చింది, సూపర్‌వైజరేమో ఊళ్లో లేడు. తలుపు దగ్గర నాయన నీడ కనిపించగానే లేచి నిలబడ్డాను. ఆయన లోపలికి వచ్చి చేతులు కట్టుకున్నాడు. బల్లకు అటు ఆయన, ఇటు నేను. "కూసో నాయనా" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఫ్యాన్ తిరుగుతోంది. గుమాస్తా రాయడం ఆపి మమ్మల్నే చూస్తున్నాడు. ఇంతలో మేనేజర్ వచ్చి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏంది నర్సింలూ, ఎవరన్న పోయిండ్రా? మౌనం పాటిస్తుండ్రా?" అన్నాడు.

"లేదు సార్, మా నాయన."

మేనేజర్‌కు ఏం అర్థమైందో గానీ, మూలనున్న కుర్చీని తనే లాగి నాయన వెనక వేశాడు. వేసి, తనూ నిలబడ్డాడు. నాయన ముగ్గురి కాళ్ల వైపూ చూశాడు. "ఇగ కూసో బిడ్డా, నీ కాళ్లు వణుకుతున్నయి" అని నాకు చెప్పి, కుర్చీ అంచున కూర్చున్నాడు. నిమిషం తర్వాత వెనక్కి జరిగి పూర్తిగా కూర్చున్నాడు. కిటికీలోంచి లోడింగ్ యార్డు వైపు చూస్తూ, "గీడనే జొన్న ఏస్తుంటిమి. ఫ్యాక్టరీ కట్టినంక గీ జాగల కూసునుడు గిదే మొదలు" అన్నాడు. ఆ తర్వాతే సెలవు అడిగాడు. పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, "మీ మేడంకు చెప్పు, కూసున్ననని" అన్నాడు. తోటివాళ్లు నవ్వారో లేదో నేనెప్పుడూ అడగలేదు. నాయన మాత్రం ఆ రోజు బస్సులో నా పక్కనే కూర్చుని ఇంటికి వచ్చాడు.

ఆ శనివారమే సంగారెడ్డి పోయి మేడంకు చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి కొంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నాక మామూలు మేడం అయిపోయారు.

"మంచిగైంది. ఆయన ఎనక వచ్చినాయన కూసున్నడా?"

"ఆయన ఎనక ఎవరొచ్చిండ్రో యాదికి లేదు మేడం."

"గదే నేను అడిగేది. మీ నాయన వస్తే నువ్వెట్లయినా లేస్తవ్. పరీక్ష ఆయన ఎనక వచ్చినాయనతోని ఉంటది."

సోమవారం నా బల్లకు ఎదురుగా ఒక కుర్చీ శాశ్వతంగా వేయించుకున్నాను. ఆ తర్వాత మూడు ఫ్యాక్టరీలు మారాను. ప్రతిచోటా చేరిన రోజు మొదట అడిగింది అదే. జీతం గురించి కూడా అంత గట్టిగా అడగలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. మేనేజ్‌మెంట్ నిర్వచనాలు ఎప్పుడో మరిచిపోయాను. నాలుగు 'పి'ల్లో మూడే గుర్తున్నాయి. కానీ నా ముందు కూర్చున్నవాళ్ల ముఖాలు మాత్రం గుర్తున్నాయి. పటాన్‌చెరు సంతలో ఎవరైనా, "సార్, నన్ను గుర్తువట్టిండ్రా?" అని అడిగితే, గుర్తుపట్టానని అబద్ధం ఆడవలసిన అవసరం నాకు చాలా తక్కువసార్లు వచ్చింది. ఇంత గర్వం నాకు మరే డిగ్రీ మీదా లేదు. ఉన్న డిగ్రీ కూడా ఆ బీబీఎం ఒక్కటే అనుకోండి.

మేడం పోయి కొన్నేళ్లయింది. కాలేజీ కూడా లేదు. ఆ పై అంతస్తులో కూడా ఇప్పుడు పలుగులూ పారలే అమ్ముతున్నారు.

పోయిన ఆదివారం సమావేశంలో చర్చ యాదయ్య గురించే. పొద్దున గేటు దగ్గర ఉండటం లేదని ఒకరు, నీళ్ల మోటారు ఎవరు వేస్తారని ఇంకొకరు. యాదయ్య ఒక స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడి వింటున్నాడు. తనే ఈడ్చుకొచ్చిన కుర్చీల్లో ఒకటి నా పక్కన ఖాళీగా ఉంది. దాన్ని పట్టుకుని అందరి మధ్యకూ లాగాను. మళ్లీ కీచుమన్నది, మళ్లీ అందరూ చెవులు మూసుకున్నారు.

"యాదయ్యా, ఇట్ల వచ్చి కూసోండ్రి. మీ సంగతి మీరే చెప్పుర్రి" అన్నాను.

"పర్వలేదు సార్, నిలవడ్డగద."

నేను లేచి నిలబడ్డాను. సెక్రటరీ నన్నొకసారి, కుర్చీనొకసారి చూసి, ఏం తోచక తనూ లేచాడు. యాదయ్యకు నా మోకాళ్ల సంగతి తెలియదు. జెర జల్దీ కూర్చుంటే బాగుండునని మనసులో అనుకుంటూ, ఆయన ముఖం చూస్తూ నిలబడే ఉన్నాను.