ఆ నూనె రాసింది మా అత్త కాదు

మా అత్తగారు పోయిన శనివారం పొద్దున్నే కన్నుమూశారు. ముందురోజు సాయంత్రం దాకా కోళ్ల గూటి ముందు కూర్చుని నన్ను సాధిస్తూనే ఉన్నారు. గడ్డి మార్చలేదట, బూడిద చల్లలేదట. "బళ్లో అరవైమందికి పాఠాలు చెప్తావు, పది కోళ్లకు బూడిద చల్లలేవా?" నాతో ఆవిడ చివరగా అన్న మాట ఇదే. తలచుకుని ఏడవాలో విసుక్కోవాలో తెలియడం లేదు.

పదకొండేళ్లు వేగాను ఆవిడతో. ఎవరి కోడి రెక్క కింద ముక్కుతో గోక్కుంటూ కనిపించినా ఆవిడకు కాళ్లు ముందుకు సాగేవి కావు. ఆదివారం తెల్లచీర కట్టుకుని ప్రార్థనకు బయల్దేరి, దారిలో ఎవరిదో పెట్టను పట్టుకుని ఈకలు విడదీసి పేలు చూడటం మొదలుపెట్టేవారు. అవతల పాట ఎత్తుకునేవాళ్లు. నేను బైబిలు పట్టుకుని ఎండలో నిలబడి "అత్తా, పోదాం రా" అని బతిమాలాలి. "ఉండమ్మాయ్, దీని బాధ చూడు" అనేవారు. ఆ పేలు ముందు ఆవిడకు, తర్వాత నాకు పాకేవి. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే ఇద్దరం గోక్కోవడం! సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

నేను కాపురానికొచ్చిన రెండో ఏడు, యాభై ఎనిమిదిలో, ఊళ్లో కోళ్లన్నిటికీ తెగులు తగిలింది. మా వీధిలో మిగిలింది ఒక్క పెట్ట, మాది. దాని కింద పదమూడు గుడ్లు పొదగేశాం. పిల్లలు లేస్తే ఇంటికొకటి ఇస్తానని మా అత్తగారు వీధంతా మాటిచ్చారు. పన్నెండో రోజుకు పెట్ట పేల బాధ పడలేక మాటిమాటికీ లేచిపోవడం మొదలుపెట్టింది. గుడ్లు చల్లారిపోతున్నాయి. ఆవిడేమో చెల్లెల్ని చూడటానికి వాళ్ల ఊరు కోట వెళ్లి ఉన్నారు. పంటల గురించీ పశువుల గురించీ సలహాలు చెప్పడానికి ఊరికొచ్చిన గ్రామసేవకుణ్ణి అడిగితే, వేపనూనెలో కిరసనాయిలు కలిపి గూటి కర్రలకు పూయమన్నాడు. పేలున్నది కోడి మీదైతే కర్రలకు పూయడమేమిటి? చదువుకున్నదాన్ని గదా, తెలివిగా కోడికే రాశాను. కారేటట్టు రాశాను.

మర్నాడు ఆవిడ వచ్చి గంప ఎత్తి వాసన చూశారు.

"ఎవురు రాసినారు?"

"నేనే అత్తా."

"ఓసి పిచ్చిదానా! నూనె పెంకుకు పట్టేస్తే లోపల పిల్లకు గాలెట్టా ఆడతాది?"

తవుడు అద్ది కోడిని తుడిచారు. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి గుడ్డు గుడ్డునూ తుడిచారు. లాభం లేకపోయింది. ఇరవై ఒకటో రోజు దాటినా ఒక్క పిల్ల లేవలేదు.

వీధిలోవాళ్లంతా మా వాకిట్లోకి వచ్చేశారు. ఇదెవరి పనని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ, "నేనే. తెలీక నూనె రాసినా" అన్నారు. నేనేదో అనబోతే "లోపలికి పోయి అన్నం వార్చు" అని కసిరారు. తర్వాత నాతో, "కొత్తగా వచ్చినదానివి. నిన్నంటే ఈడ ఉండలేవు. నన్నయితే నాలుగు రోజులంటారు, ఊరుకుంటారు" అన్నారు.

నాలుగు రోజులా! పదేళ్లు అన్నారు. నూనెమ్మ అని పేరు పెట్టారు. నిజం చెప్పేస్తానంటే ఆవిడ ఒట్టు పెట్టేవారు. ఒళ్లు మండిపోయేది నాకు. ఇంత మేలు నేనడిగానా? కానీ చెప్పకుండా ఉండటం నాకూ హాయిగానే ఉండేది. నా కోపమంతా అందుకే.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక ఆడవాళ్లంతా మా వసారాలో కూర్చున్నారు. "ఆ గుడ్లు పాడుచేసింది గానీ, ఎంత మంచి మనిషి!" అంది ఎదురింటి అక్క. ఇక ఉండబట్టలేకపోయాను.

"నూనె రాసింది నేనక్కా. మా అత్త కాదు."

అందరూ నా వైపు చూశారు. ఎదురింటక్క నన్ను దగ్గరికి తీసుకుని, "పోయినామె తప్పు గూడా నీ మీద ఏసుకుంటుండావా తల్లీ! ఇట్టాంటి కోడలు యాడ దొరుకుతాది?" అని బావురుమంది. నిజమేనని ప్రమాణం చేశాను. ఒక్కరూ నమ్మలేదు. పైగా ఇంకా ఏడ్చారు.

నిన్న ఎదురింటక్క తన పెట్టను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "దీన్ని పేలు పీక్కుతింటుండాయి. ఇంక నువ్వే చూడాల. మీ అత్త మాదిరి నూనె మాత్రం రాయబాకమ్మా. పాపం, ఆమెకు తెలీదు."

చేయని తప్పుకు మా అత్తగారిని మరోసారి క్షమించేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వీధి దాటింది. కోడి నా చేతుల్లో రెక్కలు కొట్టుకుంటోంది. నేను వాకిట్లోనే కూర్చుని దాని ఈకలు విడదీసి చూడటం మొదలుపెట్టాను.