పక్కింటాయన డైలు

ఐర్లండ్‌లోని నేస్ ఊళ్లో మా పక్కింట్లో ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. చాలా ఏళ్లు కెనడాలో కాగితం మిల్లులో పనిచేసి, భార్య పోయాక సొంత దేశానికి తిరిగొచ్చాడు. చూపు తగ్గిపోతోంది. ఎదుటి మనిషి ముఖం నడుమ చెరిపేసినట్టు కనిపిస్తుందనేవాడు.

నేను హైదరాబాదులో, బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో డైలు, అంటే లోహాన్ని నొక్కి మలిచే ఉక్కు అచ్చులు, చేసేదాన్ని. మా ఆయనకు డబ్లిన్ పక్కన సిటీవెస్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడంతో వెంట వచ్చాను. ఇక్కడ నేను అడిగిన ప్రతి వర్క్‌షాపు వాళ్లూ ఐర్లండ్‌లో చేసిన అనుభవం ఉందా అన్నారు. కొన్నాళ్లకు జవాబివ్వడం కూడా మానేశారు.

ఒక శనివారం గోడ మీదుగా మాట్లాడుతూ నా పాత పని గురించి చెప్పాను.

"డైలా? అయితే లోపలికి రా," అన్నాడాయన.

షెడ్డులో బల్లకు బిగించిన చేతిప్రెస్, పక్కన మూడు పాత డైలు ఉన్నాయి. రివాల్వర్ తూటాలు మళ్లీ నింపుకునే సామగ్రి అది. పేలాక తూటా ఇత్తడి తొడుగు కాస్త ఉబ్బుతుంది. మొదటి డైలోకి నొక్కితే మళ్లీ పాత కొలతకు వస్తుంది. కెనడాలో చలికాలమంతా ఆయనా భార్యా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఈ పని చేసేవారట. షూటింగ్ క్లబ్బు పోటీల్లో ఆయనకన్నా ఆవిడే బాగా కొట్టేదట. తుపాకులూ మందూ అక్కడే వదిలేసి, ఇవీ ఒక సంచెడు ఖాళీ తొడుగులూ మాత్రం తెచ్చుకున్నాడు. ఇప్పుడు అక్కడున్న మనవరాలు షూటింగ్ నేర్చుకుంటూ, నాయనమ్మ డైలు తనకు పంపమని అడిగింది.

"పంపితే పనిచేసేవి పంపాలి కదా. సరిచూద్దామని ఒక తొడుగు నూనె రాయకుండా తోసేశాను. మొదటిదాన్లో ఇరుక్కుపోయింది," అన్నాడు.

బలంగా లాగినట్టున్నాడు, తొడుగు అంచు చిరిగిపోయింది. దాని అడుగున డ్రిల్లు వేసి, మర కోసి, బోల్టు బిగించి మెల్లగా బయటికి లాగాను. చాలాకాలానికి నా వేళ్లకు కటింగ్ ఆయిల్ వాసన పట్టింది. ఆయన "గ్రాండ్, గ్రాండ్" అంటూ టీ పెట్టడానికి వెళ్లాడు. నేను టార్చి వేసి డై లోపలికి చూశాను. తుప్పు తిన్న గుంటలు. పైపైన కాదు, లోతుగా.

టీ కప్పు అందుకోకముందే చెప్పేశాను.

"ఈ గుంటలు పోయేదాకా పాలిష్ చేస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఇక తొడుగును నొక్కదు. ఇలాగే వదిలేస్తే ప్రతి తొడుగునూ గీరేస్తుంది. కొత్తది కొని పంపడం మంచిది."

"కొత్తది మా ఆవిడది కాదు కదా," అన్నాడు. "కొంచెం చేసి చూడు."

చేశాను. చెక్క పుల్లకు లోహాన్ని నునుపు చేసే ఎమరీ ముద్ద పట్టించి శనివారం శనివారం రుద్దాను. డైలోకి తొడుగు దించి తీసిన ప్రతిసారీ ఆయన దాని మీద గోరు నడిపేవాడు. గీత దగ్గర గోరు ఆగేది. "ఇంకొంచెం," అనేవాడు. చివరికి మైక్రోమీటరు పెట్టి చూస్తే తొడుగు కావలసినంత బిగియడం లేదు. గీత మాత్రం అలాగే ఉంది.

"బాగైందని చెప్పరాదు? ఆయనకేం కనవడ్తది?" అన్నాడు మా ఆయన.

"గోరుకు తెలుస్తది. తెల్వకపోయినా, గీత పడ్డ కాడ తొడుగు ఎన్నడో ఒకనాడు చీలుతది. అప్పుడు ఆ పిల్ల చేతిలో తుపాకి ఉంటది," అన్నాను.

ఉన్నది ఉన్నట్టు ముసలాయనకు చెప్పాను. ఆయన అక్కడే నిలబడి మనవరాలికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"వాడను తాతా. ఊరికే దగ్గర పెట్టుకుంటాను," అందా అమ్మాయి.

"వద్దు తల్లీ. దాచిపెట్టినా ఎప్పటికైనా ఎవరో ఒకరు వాడతారు."

ఆమె క్లాసుకు వెళ్లాలని చెప్పి పెట్టేసింది.

"కోసెయ్," అన్నాడాయన నాతో.

గట్టిపరిచిన ఉక్కు రంపానికి లొంగదు. గ్రైండర్ పెట్టాను. డై రెండు చెక్కలయ్యాక, వేడి తగ్గేదాకా ఆగి, ఆయన లోపలి గుంటల మీద గోరు నడిపాడు.

"ఇంత ఉందా," అన్నాడు.

మిగతా రెండూ కూడా కోయమన్నాడు. అవి బాగానే ఉన్నాయన్నాను. "ఒకటి పోయాక ఇవెందుకు," అంటూ వాటిని గ్రైండర్ పక్కకు జరిపాడు. అవీ కోశాను. ఈ దేశంలో డైల మీద నేను చేసిన పని ఇంతవరకూ అదే.

మరుసటి శనివారం వెళ్తే షెడ్డుకు తాళం వేసి ఉంది. ఆయన హాల్లో టీవీ ముందు పక్కకు తిరిగి కూర్చున్నాడు. సూటిగా చూస్తే బొమ్మ కనిపించదట. ఏమైనా పనుందా అని అడిగాను. ఏం లేదన్నాడు. కాసేపు కూర్చుని వచ్చేశాను.