పైడితల్లి కూడబలుక్కుని చదివిన సాయంత్రం

మా చిన్నప్పుడు... కొండాపూర్‌లో ఇప్పుడు అద్దాల మేడలున్న చోట మా రేకుల షెడ్లుండేవి. పాలమూరు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలూ, శ్రీకాకుళం నుంచి వచ్చిన నా నేస్తం పైడితల్లి అమ్మానాన్నలూ ఒకే భవనం పనిలో ఉండేవారు. మా రెండిళ్లకీ మధ్య అడ్డం ఒక్క రేకే... అవతల పైడి దగ్గితే ఇవతల నాకు మెలకువ వచ్చేది.

పొద్దున్నే అమ్మ సత్తుగిన్నెలో అన్నం, పచ్చిపులుసు కలిపి పెట్టేది. తినేసి ఇద్దరం సర్కారు బడికి నడిచిపోయేవాళ్లం. రెండో తరగతి. టీచర్ పేరు విమల. వాళ్లది గోదావరి వైపు.

ఒకరోజు టీచర్ బొమ్మల అట్ట చూపించి, "ఇదేంటమ్మా?" అని నన్ను అడిగారు. ఆకాశంలో తెల్లగా, దూదిలా ఉన్న బొమ్మ. "మొగులు" అన్నాను. క్లాసంతా నవ్వింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు... నా పక్కనున్న పైడి మెల్లగా "మబ్బు" అంది. పుస్తకంలో ఉన్న మాట మేఘం... అందుకని దానికీ నవ్వారు.

టీచర్ నవ్వలేదు. బోర్డు మీద మొగులు, మబ్బు, మేఘం అని మూడూ రాశారు. "మూడూ 'మ'తోనే మొదలయ్యాయి చూడండి. మీ ఇంట్లో మాట మీ నోట్లో ఉంటేనే కదా, పుస్తకంలో మాట దాని పక్కన వచ్చి కూర్చునేది" అన్నారు.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు బడికి తెచ్చేవాళ్లం. తొవ్వ పక్కన దారి చేరింది... ఉల్లిగడ్డ పక్కన ఉల్లిపాయ. అంతవరకూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడసాగారు.

నాకు చదవడం తొందరగానే పట్టుబడింది. పైడికి మాత్రం అక్షరాలు వేటికవే తెలుసు, కలిపితే మాట అయ్యేది కాదు. క... ల... ం... అని అన్నీ సరిగ్గా పలికి, బొమ్మ చూసి "పెన్ను" అనేది. టీచర్ నన్ను దాని పక్కన కూర్చోబెట్టి, "నువ్వు అందివ్వకు మంజులా, తనే అనాలి" అని చెప్పారు.

"నాకు రాదే... నువ్వు సదువు, నానింటాను" అనేది పైడి. నేను వేలు పెట్టేదాన్ని. అది ఆ వేలు వెంటే మెల్లగా వచ్చేది.

ఇంతలో భవనం పూర్తయింది. పైడి వాళ్ల మేస్త్రీకి బెంగళూరులో పని దొరికింది. మర్నాడే ప్రయాణం. ఆ సంగతి నేను బడిలో చెబితే, సాయంత్రం విమల టీచర్ మా షెడ్ల దగ్గరికి నడిచి వచ్చారు.

"ఈ ఏడాది ఇక్కడే ఉంటే చదవడం వచ్చేస్తుందండి. హాస్టల్లో పెట్టించి నేను చూసుకుంటాను" అన్నారు, పైడి వాళ్లమ్మ అప్పలమ్మ పిన్నితో.

పిన్ని మూట కట్టడం ఆపలేదు. "దాన్నొగ్గీసి నానెలాగెల్తానమ్మా? రాత్రేల జరమొస్తే ఎవులికి సెప్పుకుంటాది?"

మా అమ్మ గుమ్మంలోంచే అంది. "ఆమె చెప్పేది నిజమే టీచరమ్మా. పని ఏడుంటే మాకు గాడనే ఇల్లు. పిల్లను ఇడిసి ఎట్ల పోతది?"

టీచర్ ఇక వాదించలేదు. అక్కడే ఇటుకల మీద కూర్చుని, సంచిలోంచి చిన్న కథల పుస్తకం తీసి పైడి ఒళ్లో తెరిచి పెట్టారు. "ఇది చదువమ్మా" అన్నారు.

పైడి వేలు పెట్టింది. "అ... మ్మ... అమ్మ. నీ... ళ్లు... నీళ్లు." తర్వాతి మాట దగ్గర ఆగిపోయింది. ఆ మాట నా నాలుక చివరే ఉంది... టీచర్ నా వైపు చూశారు. పళ్లు బిగపట్టి ఊరుకున్నాను. పిన్ని చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

"మో... సిం... ది. మోసింది." పైడి తలెత్తింది. "అమ్మ నీళ్లు మోసింది."

"ఏటీ... మళ్లీ సదువు" అంది పిన్ని. పైడి మళ్లీ చదివింది, ఈసారి ఆగకుండా.

పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. "ఇందులో అమ్మ అనేది ఏదే?" అని అడిగింది. పైడి చూపించింది. సిమెంటుకి బీటలు వారిన వేలిని పిన్ని ఆ మాట మీద పెట్టి, చాలాసేపు తీయలేదు.

"పుస్తకం నీ దగ్గరే ఉంచుకో. రోజూ మీ అమ్మకి చదివి వినిపించు" అని చెప్పి టీచర్ వెళ్లిపోయారు. వెళ్తూ ఆవిడ కళ్లు తుడుచుకోవడం చూశాను.

పొద్దున లారీ కదిలింది. మూటల మీద కూర్చుని పైడి దారిలోని బోర్డులు చదువుతోంది... "కి... రా... ణం. కిరాణం." మెయిన్ రోడ్డు దాకా లారీ వెనకే పరుగెత్తాను. "మం... దు... ల..." అన్నంతవరకూ వినిపించింది. మిగతాది లారీ మోతలో కలిసిపోయింది.

మా నాన్నకి అక్కడే వాచ్‌మన్ పని దొరకడంతో మేం ఉండిపోయాం. నేను చదువుకున్నాను. ఇప్పుడు చందానగర్ వైపు ఒక సర్కారు బడిలో చిన్న పిల్లలకి చదవడం నేర్పిస్తున్నాను.

నా క్లాసులోంచి ఇప్పటికీ ఏటా కొందరు పిల్లలు మధ్యలోనే వెళ్లిపోతారు. పని ఎటు పోతే అటు. కాకపోతే ఇప్పుడు వాళ్ల అమ్మల ఫోన్లలో నా నంబరుంటుంది. ఒక్కోసారి ఏ ఊరి నుంచో ఒక పిల్ల పాఠం చదివి వాయిస్ మెసేజ్ పంపుతుంది... విని, జవాబు పంపి, కాసేపు ఊరికే కూర్చుంటాను. మా రోజుల్లో వెళ్లినవాళ్లు వెళ్లినట్టే. పైడి ఆ పుస్తకం పూర్తి చేసిందో లేదో నాకు ఈరోజుకీ తెలియదు.

మీ తరగతిలోంచి కూడా అలా మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు ఈ కథ కింద తెలుగులోనే రాయండి... ఏ ఊళ్లోనో కూర్చుని, వాళ్లే చదువుకుంటారేమో.